వరంగల్లో మొదటి బుక్క

ప్రతి ఏడూ మాఘమాసం వెళ్ళేసరికి నేను వరంగల్ వెళ్తాను. చూడ్డానికి కాదు, మిరపకాయలకు. పొద్దున్నే రైలెక్కడం, ఎనుమాముల మార్కెట్లో బేరం చేసుకోవడం, బస్తాలు లారీ పార్సిల్లో వేయించడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఆ ఊళ్ళో ఇన్నేళ్ళలో నేను తిన్నదేమిటంటే మార్కెట్ గేటు దగ్గర టీ, అందులో ముంచుకుని రెండు బిస్కెట్లు.

ఈసారి మా తోడికోడలు శారద ఒక కాగితం పట్టుకొచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, గ్యాస్ బుక్కు వెనక పేజీ చించి రాసుకున్న జాబితా. మిర్చి బజ్జి, గుడాలు, జొన్నరొట్టె, ఇరానీ చాయ్, సర్వపిండి. "ఒక్క రాత్రి ఉందాం అక్కా, బళ్ళ మీద తినొద్దాం" అంది. నేను కసురుతానని ముందే ఒక అడుగు వెనక్కి వేసి మరీ అడిగింది. సరేనన్నాను. నేనంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి అది నా నుదురు పట్టుకుని జ్వరమేమోనని చూసింది.

జ్వరం కాదు గానీ, కారణం జ్వరమే. ఆరు నెలల కిందట మూడు రోజులు వచ్చి, పోతూ పోతూ నా వాసన తీసుకుపోయింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం నాలుకకు తెలుస్తాయి. ఇంగువ లేదు, నెయ్యి లేదు, ఆవపిండి లేదు, పాలు మాడితే పొగ కనబడేదాకా తెలియదు. మామూలు మనిషికయితే సర్దుకుపోవచ్చు. మాది విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే వ్యాపారం. జాడీ మూత తీస్తే చాలు, నూనె ఏ గానుగదో చెప్తానని పేరు. 'సుభద్రగారి ముక్కు' అని మా వాడుకదార్లు సరదాగా అంటారు. ఆ ముక్కు పనిచేయడం లేదని మా ఆయనకు కూడా చెప్పలేదు. డాక్టరు మాత్రం, "రావచ్చు, రాకపోవచ్చు. ఘాటైన వాసనలు రోజూ పీల్చి చూస్తుండండి" అన్నాడు.

వరంగల్ కంటే ఘాటు ఎక్కడుంటుంది? రెండు రోజులు ఆ బళ్ళ ముందు నిలబడితే ముక్కు తెరుచుకోవచ్చని ఆశపడ్డాను. తెరుచుకోకపోతే ఈ ఏడు మిరపకాయలు కొనకూడదు, వేసవి పచ్చళ్ళు ఆపేయాలి అని మనసులో ఒట్టు పెట్టుకుని రైలెక్కాను.

శుక్రవారం పొద్దున ఆరు దాటిన కాసేపటికి బండి కదిలింది. ముందే రిజర్వు చేసుకున్న కూర్చునే సీట్లు, మనిషికి నూట పది చిల్లర. వరంగల్‌కు మూడు గంటల ప్రయాణం. ఎదురుగా పరకాల ఊరి దంపతులు, దుర్గమ్మ దర్శనం చేసుకుని తిరిగి వెళ్తున్నారు. ఖమ్మం దాటాక ఆమె ఆకుపొట్లం విప్పి, "అమ్మవారి పులిహోర అక్కా, జర తీస్కోండ్రి" అని చెరో ముద్ద పెట్టింది.

శారద కళ్ళు మూసుకుని తిని, "ఇంగువ భలే వేశారు కదక్కా" అంది.

"అవును, కాస్త ఎక్కువే పడింది" అన్నాను. నాకు తెలిసింది చింతపండు పులుపు, మిరపకాయ కారం. ఆ పూట నేనాడిన మొదటి అబద్ధం అది. ఇంకా ఎనిమిదన్నా కాలేదు.

వరంగల్లో ఏం చూస్తారని ఆయన అడిగాడు. చూడం, తింటాం అని శారద జాబితా తీసి చూపించింది. ఆయన చదివి, "పొద్దుగూకినంక హనుమకొండ చౌరస్తల మిర్చి తినుండ్రి మేడం. కండ్లల్ల నీళ్ళు రాకుంటే పైసలు నేనిస్త" అన్నాడు. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వలేదు.

తొమ్మిదీ పదికి దిగాం. స్టేషన్‌కు దగ్గర్లోనే లాడ్జి, ఇద్దరికి తొమ్మిది వందలు. గది శుభ్రంగా ఉంది. వేడినీళ్ళు పొద్దున ఎనిమిది లోపల పట్టుకోవాలి, తర్వాత అడిగినా లాభం లేదు. సామాను పడేసి కిందికి వచ్చి రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ఇక్కడ ఇడ్లీ మీద పల్లీల చట్నీ పోసి, పక్కన నూనె కలిపిన ఎర్రకారం పెడతారు. అల్లం చట్నీ అడిగితే బండి అతను, "మా దగ్గర గదంత ఉండదక్కా, గీ కారం తిని చూడు, మళ్ళడగవ్" అన్నాడు. తిన్నాను, మళ్ళీ అడగలేదు.

పదకొండుకు ఎనుమాముల చేరాం. మార్కెట్ గేటు దాటగానే అందరూ తుమ్ముతారు. హమాలీలు మూతికి తువ్వాళ్ళు కట్టుకుని బస్తాలు మోస్తుంటారు. ఎటు చూసినా ఎర్రటి కుప్పలు. నేనూ తుమ్మాను, వరసగా నాలుగు. వాసన వచ్చేసిందనుకుని గబగబా ఒక కాయ తీసి విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కాగితం ముక్క చించి పెట్టుకున్నా అంతే ఉండేది. తుమ్ము వేరు, వాసన వేరు అని డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

మేం ఎప్పుడూ కొనే కమీషన్ కొట్టు గుమస్తా మల్లేశం రెండు కుప్పలు చూపించాడు. రెండూ చపాటా రకమే. టమాటాలా బొద్దుగా ఉంటాయి ఆ కాయలు, కారం తక్కువ, రంగు ఎక్కువ. మా ఆవకాయకు ఆ ఎరుపు ఈ కాయ వల్లే వస్తుంది. రెండు కుప్పల్లోంచీ ఒక్కో కాయ విరిచి నా చేతిలో పెట్టాడు. "వాసన జూడక్కా. నీ ముక్కుకు నేను చెప్పేదేమున్నది?" అన్నాడు.

చూశాను. అంటే, చూసినట్టు నిలబడ్డాను. కుడివైపు కుప్ప రంగు బాగుంది. కానీ రంగు చూసి మిరపకాయ కొనేవాళ్ళను నేనే ఇన్నేళ్ళూ ఎగతాళి చేశాను. పక్కన శారద నా మొహంలోకి చూస్తోంది. "రేపు చెప్తాను మల్లేశం" అన్నాను.

అతను తెల్లబోయాడు. "రేపు మార్కెట్ బందుంటదక్కా. సరే, రెండింటినీ మా దుకాణంల పక్కకు వెట్టిస్త. రేపు నాలుగున్నర లోపట రాండ్రి. మళ్ళ వేరేటోళ్ళు అడుగుతాండ్రు" అన్నాడు.

"ఎందుకక్కా, ఎప్పుడూ అయిదు నిమిషాల్లో తేల్చేస్తావుగా?" అని శారద ఆటోలో అడిగింది. ప్రతిదానికీ ప్రశ్నలేనా అని గయ్యిమన్నాను. నేను గయ్యిమంటే అది ఇంక అడగదు. ఇరవై రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఇదో సౌకర్యం.

మధ్యాహ్నం ఒంటిగంటకు రోడ్డు పక్క చెట్టునీడన జొన్నరొట్టె తిన్నాం. ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని చేత్తోనే తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో ఒత్తుతోంది. రొట్టె ఇరవై, దాంతో టమాట తొక్కు, ఉల్లిగడ్డ ముక్క. తొక్కు అంటే రోటిపచ్చడి. అడిగితే ఇంకొంచెం వేస్తారు. పన్నెండున్నరకే వెళ్తే మంచిది, మేం వెళ్ళేసరికి చివరి పిండి ముద్ద మిగిలింది. సాయంత్రం దాకా ఎండ తగలకుండా గదిలో పడుకుని, ఆరింటికి హనుమకొండ బస్సెక్కాం.

చౌరస్తా మిర్చి గురించి పరకాల ఆయన చెప్పింది నిజమే. పొడవాటి కాయను శనగపిండిలో ముంచి ఒకసారి వేయించి తీస్తారు. అడిగాక ముక్కలు కోసి మళ్ళీ నూనెలో వేసి కరకరలాడిస్తారు. పైన ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం. ప్లేటు నలభై. శారద మొదటి ముక్కకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అబ్బ, ఆ వాము వాసన చూడక్కా, ఉల్లిపాయ పచ్చివాసన, ఆ నూనె కమ్మదనం" అని వర్ణిస్తూ తింటోంది. నా నోట్లో కరకర ఉంది, మంట ఉంది, నిమ్మ పులుపు ఉంది. మిగతాదంతా శారద మాటల్లోనే ఉంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఉప్పు సరిగా వేయడం రాని మనిషి అని నేను వంటగదిలోకి రానివ్వని శారద, రోడ్డు మీద నిలబడి నాకు వాసనలు చెప్తోంది!

"అంత నోరు తెరిచి తినకు, ఈగలు పోతాయి" అన్నాను.

అక్కడే పక్క బండి మీద గుడాలు తిన్నాం, కాగితప్పొట్లంలో. మనం గుగ్గిళ్ళంటామే, అవి. ఉడికించిన శనగల మీద ఉల్లి, పచ్చిమిర్చి తరుగు వేసి ఇస్తారు, పదిహేను రూపాయలు. అమ్మే ముసలాయన, "మీరు విజయవాడోళ్ళా? మాట తెలుస్తాంది" అని గుప్పెడు ఎక్కువ వేశాడు. మా మాటకు అక్కడ అంత విలువ ఉందని నాకు తెలియదు. ఎనిమిదిన్నరకల్లా గదికి చేరాం.

శనివారం పొద్దున ఏడున్నరకు ఇరానీ చాయ్, ఉప్పు తీపి కలిసిన గుండ్రటి బిస్కెట్లు. తర్వాత ఖిల్లా చూసి, బయట ఉప్పుకారం అద్దిన జామకాయ తిన్నాం. జాబితాలో మిగిలింది సర్వపిండి ఒక్కటే. నా ముక్కు సంగతి అడగకండి. దాని ముందు అన్నీ పెట్టి చూశాను, ఉలకలేదు పలకలేదు. మల్లేశానికి వద్దని చెప్పేద్దామని దాదాపు నిశ్చయించుకున్నాను.

సర్వపిండి ఎక్కడ బాగుంటుందని ఆటో అతన్ని అడిగితే, "కొత్తవాడల లచ్చవ్వ దగ్గరికి పోవాలె. రెండు దాటితే షురువు జేస్తది" అన్నాడు. కొత్తవాడ అంటే నేతవాళ్ళ పేట. సందులోకి తిరగగానే ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇంటి ముందు అరుగు మీద లచ్చవ్వ కూర్చుని ఉంది. అరవై అయిదు దాటి ఉంటుంది, ఎండిన చెరకుగడలా ఉంది మనిషి. ముందు రెండు కట్టెల పొయ్యిలు, ఒక పెద్ద బేసిన్‌లో పిండి, నాలుగు గుండ్రటి అల్యూమినియం గిన్నెలు, పక్కన నీళ్ళ తొట్టి. ఇంకా మొదలుపెట్టలేదు. శారద, "ఈలోగా నేను ఆ మూల జంపఖానాలు చూసొస్తాను" అని వెళ్ళింది. నేను అరుగు అంచున కూర్చున్నాను.

ఆమె పని చూస్తుంటే పొద్దు తెలియదు. బియ్యప్పిండిలో పల్లీల ముక్కలు, నువ్వులు, నానిన శనగపప్పు, వెల్లుల్లి, కారం, కరివేపాకు కలిపిన ముద్ద అది. దాన్ని గిన్నె లోపలి అడుగున వేసి, వేళ్ళతో పల్చగా గోడల దాకా ఒత్తుతుంది. చూపుడు వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి, మూతపెట్టి పొయ్యి మీద పెడుతుంది. కాలాక అట్టు తీసేసి గిన్నెను నీళ్ళ తొట్టిలో బోర్లిస్తుంది. చుయ్యిమంటుంది. వేడి గిన్నెలో పిండి అంటుకోదు కాబట్టి చల్లారిస్తేనే రెండోది ఒత్తగలదు. అందుకే నాలుగు గిన్నెలు.

మొదటిది తీసి, ఒక ముక్క తుంపి నా చేతిలో పెట్టింది. "శనారం నాకు ఒక్కపొద్దు బిడ్డా. రాత్రి దీపం పెట్టేదాక నోట్లె ఏం వెయ్య. గందుకే మొదటి బుక్క వచ్చినోళ్ళకు పెట్టి అడుగుత. వాళ్ళ నోరే నా నోరు. ఎట్లున్నదో ఉన్నదున్నట్టు చెప్పు. మంచిగుంటెనే కడమయి పెడుత" అంది.

బుక్క అంటే ముద్ద. ఉపవాసం ఉన్న మనిషి వండుతూ రుచి చూడదు, నిజమే. ఎదురుగా కూర్చున్నది నేను, తినే వృత్తిలో ఇరవై రెండేళ్ళున్న మనిషిని. నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిపోయింది. కారం చురుక్కుమంది. అంచు కరకరలాడింది. అంతకుమించి నాకేమీ తెలియలేదు. తెలియలేదని ఒక ముక్క చెప్తే సరిపోయేది.

"బ్రహ్మాండంగా ఉందవ్వా. మా ఊళ్ళో నేను పచ్చళ్ళు పెడతాను, రుచి సంగతి నాకు తెలుసు" అన్నాను. అడక్కపోయినా ఆ రెండో వాక్యం కూడా కలిపాను చూడండి, అదీ నా పొగరు.

లచ్చవ్వ మొహం విప్పారింది. చకచకా నాలుగు గిన్నెలూ తిప్పడం మొదలుపెట్టింది. అరగంటలో పన్నెండు అయ్యాయి. కొమురయ్య అనే నేత పనివాడు స్టీలు డబ్బా తెచ్చి పది పెట్టించుకున్నాడు. కూతురు ములుగులో హాస్టల్లో ఉండి చదువుతోందట, నాలుగింటి బస్సుకు పోయి ఇచ్చొస్తానన్నాడు. అతను వెళ్ళిన కాసేపటికి శారద చంకలో జంపఖానాతో వచ్చి కూర్చుంది. లచ్చవ్వ దానికొక ముక్క పెట్టింది.

శారద రెండుసార్లు నమిలింది. మూడోసారి నమలలేదు. పక్కకు తిరిగి ఉమ్మేసి, "పల్లీలు ముక్కిపోయాయి కదక్కా! నువ్వు తినలేదా?" అంది.

"తిన్నది బిడ్డా. మంచిగున్నదనే చెప్పింది" అంది లచ్చవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. "ఎప్పుడు తెచ్చే దుకాణం బందుంటే పల్లీలు కొత్త తాన తెచ్చిన. కొరికితె గాని ఎట్ల తెలుస్తది, పొగల కూసున్నదానికి? నీకు తెల్వలేదా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఎదురింట్లో మగ్గం ఆడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

"తెలియలేదవ్వా. నాకు వాసన పోయి ఆరు నెలలైంది. ఏమీ తెలియదు" అన్నాను.

లచ్చవ్వ అరవలేదు, జాలీ పడలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "గా మాట ముందుగాలనే చెప్తే అయిపోవు గదా. ఇంకొగల నోట్లె పెడుదును" అంది.

అంతే అంది. ఆరు నెలలుగా కొండలా మోస్తున్న నా రహస్యానికి ఆవిడ దగ్గర పలికిన వెల అది. ఇంకొకళ్ళ నోట్లో పెట్టేది.

కొమురయ్య డబ్బా గుర్తొచ్చి లేచాను. "నేను పోయి తెస్తాను, ఇల్లెక్కడ?" అని అడిగాను. రెండు సందుల అవతల, నీలం తలుపు. ఎండలో పరుగులాంటి నడక నడిచి వెళ్ళేసరికి అతను డబ్బాను సంచిలో సర్దుతున్నాడు. జరిగింది చెప్పాను. బాగుందని సర్టిఫికెట్ ఇచ్చింది నేనేనని, నాకు వాసన తెలియదని కూడా చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారి అంత కష్టం కాలేదు.

కొమురయ్య తల గోక్కున్నాడు. "ఒకటి తిన్న అక్కా. ఎట్లనో ఉన్నదనిపిచ్చింది. కని లచ్చవ్వ చేతిది మంచిగ లేకుంట ఎట్లుంటది? నా నోరే ఖరాబైందేమో అనుకున్న" అన్నాడు.

ఆ మాట దారి పొడుగునా నా వెంట వచ్చింది. లచ్చవ్వ పేరు చూసి తన నోటిని తనే అనుమానించాడు ఆయన. మా వాడుకదార్లు ఎంతమంది అలా అనుకుని ఊరుకున్నారో!

తిరిగి వస్తూ దుకాణంలో కిలో పల్లీలు కొన్నాను. అక్కడే ఒకటి నోట్లో వేసుకోబోయి, ఆగి, పొట్లం తెచ్చి శారద చేతిలో పెట్టాను. అది నాలుగు కొరికి, "మంచివే" అంది. నా మొహం చూడకుండా అంది. లచ్చవ్వ పాత పిండి అంతా గేదెల కుడితికి పక్కన పెట్టి, కొత్త పిండి కలిపింది. నేను పల్లీలు వేయించి దంచాను. గిన్నెలో ఒత్తుతానంటే ఒక గిన్నె ఇచ్చింది. నాది నాలుగుచోట్ల చిరిగింది. "చెయ్యి తడి జేస్కో, గంత కోపమేంది పిండి మీద?" అంది లచ్చవ్వ.

మొదటిది కాలాక ముక్క తుంపింది. అలవాటుగా నేను చెయ్యి చాపాను. ఆవిడ చెయ్యి నన్ను దాటి శారద దగ్గరికి వెళ్ళింది. "నువ్వు చెప్పు బిడ్డా."

శారద నమిలింది. నా వైపు ఒకసారి భయంగా చూసింది. "అంతా బాగుందవ్వా. ఉప్పే కాస్త తగ్గింది" అంది.

ఉప్పు! ఇరవై రెండేళ్ళుగా నేను దాన్ని దెప్పుతున్నదే ఉప్పు దగ్గర. లచ్చవ్వ మారుమాట లేకుండా చిటికెడు ఉప్పు చల్లి పిండి మళ్ళీ పిసికింది. రెండోది కాలాక నాకూ సగం ఇచ్చింది. "ఇగ నువ్వు తిను. ఏం చెప్పకు" అంది. తిన్నాను. నిజంగానే ఉప్పు సరిపోయింది.

మూడున్నరకు కొమురయ్య డబ్బా మళ్ళీ నిండింది. సైకిల్ మీద బస్టాండుకు పరుగుపెట్టాడు. మేం లచ్చవ్వకు చెప్పి ఆటో ఎక్కాం. ఆవిడ చేసే సర్వపిండి ఒకటి ముప్పై రూపాయలు, వెళ్ళేవాళ్ళు మూడింటికి వెళ్తే వేడివేడిగా దొరుకుతుంది. శనివారం రెండింటికే వెళ్తే మొదటి ముక్క మీకే పెట్టవచ్చు. నిజం చెప్పండి.

నాలుగూ ఇరవైకి మల్లేశం దుకాణం చేరాం. ఆటోలో శారద నాతో మాట్లాడలేదు. మల్లేశం రెండు కాయలు విరిచి నాకిచ్చాడు. వాటిని అలాగే శారద ముందుకు జరిపాను. "నువ్వు చూడు" అన్నాను. మల్లేశం ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గల్లాపెట్టె వైపు చూశాడు. శారద రెండూ రెండేసి సార్లు వాసన చూసి, ఎడమవైపు కుప్పది తీసుకుంది. "రెండోదానికి నేల చెమ్మ తగిలిన వాసన ఉంది" అంది. నేను రంగు చూసి కొని ఉంటే ఆ చెమ్మ కాయే కొనేదాన్ని. బస్తాలు పార్సిల్లో వేయించి, అయిదు కిలోలు మాత్రం సంచిలో చేతపట్టుకున్నాం.

అయిదూ నలభైకి తిరుగు బండి. మహబూబాబాద్ దాకా మా సంచి వల్ల పెట్టెలో సగంమంది తుమ్ముతూనే ఉన్నారు. ఎదుటి సీటు పెద్దాయన, "మిరపకాయలెవరివమ్మా?" అని అడిగితే ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. అప్పుడు నవ్వొచ్చింది శారదకు. ఆ నవ్వు అయ్యాక మాట వచ్చింది.

"కార్తీకంలో పెట్టిన ఉసిరికాయ పచ్చడి గుర్తుందా? నూనె వాసన వస్తోందని ముగ్గురు వెనక్కి పంపారు. ఆ జాడీలు మా వాటాలో మంచం కింద ఉన్నాయి" అంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నూనె బాగా లేదంటే నన్ను బతకనిస్తావా? నాకే వాసన సరిగ్గా తెలియడం లేదేమో అనుకున్నాను."

కొమురయ్య కూడా అదే అన్నాడు. నేనొక్కదాన్నే దాస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. నా నోటికి జడిసి అది నా తప్పుల్ని మంచం కింద దాచుకుంది. ఎంత కష్టపెట్టానో అనిపించి దాని చెయ్యి పట్టుకున్నాను. దానికి అలవాటు లేక ఇబ్బందిగా కదిలింది.

వరంగల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే కారంగా ఉందని చెప్తాను. బళ్ళ మీద తిండి చవక, చేతులు ధారాళం, మనుషులు ఉన్నమాట మొహం మీద అంటారు. ముక్కు బాగుచేసుకుందామని వెళ్ళినదాన్ని, అది మాత్రం కుదరలేదు. ఖమ్మం వచ్చింది, టీ తాగాం. శారద కప్పు దగ్గర పెట్టుకుని, ఏలకులు వేశాడు అని నాకు చెప్పింది. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు.

మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజున ఆ బేసిన్‌లోనే వేడన్నం వేసి కలుపుతాం. మొదటి ముద్ద నాది. నేను తిని ఊ అంటేనే జాడీకి ఎక్కుతుంది. బండి మధిర దాటాక ఆ సంగతి ఎత్తాను.

"ఈ ఏడు మొదటి ముద్ద నీ నోట్లో పెడతాను. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు."

శారద నా వైపు తిరిగింది. "బాగా లేదంటే అరుస్తావుగా?" అంది.

"అరుస్తాను" అన్నాను. "అయినా చెప్పు."